ఇంటి ప్రశ్న, పొలం ప్రశ్న: పెద్దాపురం సీమలో రాజకీయ పక్షాలు

పెద్దాపురం మెట్టకూ డెల్టాకూ సరిహద్దు ఊరు. సామర్లకోట దాటితే గోదావరి కాలువ నీళ్ళు పారే మాగాణి. జగ్గంపేట, ప్రత్తిపాడు వైపు వెళితే ఏలేరునూ చెరువులనూ వాననూ నమ్ముకున్న మెట్ట. ఈ సీమలో నూటయాభై ఏళ్ళుగా రాజకీయాన్ని రెండు ప్రశ్నలు నడిపించాయి. ఒకటి ఇంటి ప్రశ్న: వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చా, ఆడపిల్ల బడికి వెళ్ళాలా, అంటరానివాడని ఊరవతల పెట్టిన మనిషి గుడిలోకి రావచ్చా. రెండోది పొలం ప్రశ్న: భూమి ఎవరిది, శిస్తు ఎంత, కూలి ఎంత, బియ్యం ధర ఎంత. రాజకీయ శాస్త్రంలో మొదటిదాన్ని సామాజికమనీ రెండోదాన్ని ఆర్థికమనీ అంటారు. ఒకదానికి మనిషి ఇచ్చిన జవాబు తెలిస్తే రెండోదానికి ఏమంటాడో చెప్పేయవచ్చునని చాలామంది అనుకుంటారు. పెద్దాపురం చుట్టుపక్కల జరిగింది చూస్తే ఆ లెక్క తప్పని తేలుతుంది.

ఎడమ, కుడి అనే కొలత ఫ్రాన్సులో పుట్టింది. 1789లో అక్కడి జాతీయ సభలో రాజు అధికారాన్ని నిలబెట్టాలన్నవాళ్ళు అధ్యక్షుడికి కుడి పక్కన, తగ్గించాలన్నవాళ్ళు ఎడమ పక్కన కూర్చున్నారు. ఆనాటి ఫ్రాన్సులో రాజు, మతపీఠం, భూస్వాములు చాలావరకు ఒకే వైపు ఉన్నారు కనుక ఒక్క గీత సరిపోయింది. మిగతా లోకానికి అది చాలలేదు. 1954లో హాన్స్ ఐసెంక్ రాజకీయాభిప్రాయాలను కొలవడానికి రెండో గీత అవసరమన్నాడు. 1970 ప్రాంతంలో అమెరికాలో డేవిడ్ నోలన్ ఒక గీత మీద ఆర్థిక స్వేచ్ఛనూ, రెండో గీత మీద వ్యక్తిగత స్వేచ్ఛనూ పెట్టి పటం గీశాడు.

తెలుగులో ఈ గీతలకు మొదటినుంచీ వేర్వేరు మాటలున్నాయి. సంఘ విషయాల్లో పూర్వాచారపరుడు, సంస్కర్త అన్నది ఒక జంట. తర్వాతి తరానికి వాళ్ళే ఛాందసుడు, అభ్యుదయవాది అయ్యారు. 1907లో సూరత్ కాంగ్రెస్ చీలినప్పుడు దొరతనంతో ఎంత గట్టిగా తలపడాలన్న దాని మీద మితవాది, అతివాది అన్న జంట వచ్చింది. భూమి, పెట్టుబడి చర్చలోకి వచ్చాక వామపక్షం అన్న మాట వచ్చింది. చిక్కల్లా ఇక్కడే. పత్రికలు కుడి పక్షాన్ని కూడా మితవాదమనే రాస్తూ వచ్చాయి. దానితో నిర్బంధ ప్రాథమిక విద్య కోసం బిల్లు తెచ్చిన గోఖలే మితవాదమూ, మార్కెట్‌ను వదిలేయమనే నేటి పార్టీల మితవాదమూ చదివేవాళ్ళకు ఒకటే అయిపోయాయి. ఒక మాట రెండు పనులు చేస్తే ఆలోచన మసకబారుతుంది. తెలుగులో రాజకీయ చర్చకు ఈ నష్టం ఇప్పటికీ తీరలేదు.

వత్సవాయి వారి పెద్దాపురం సంస్థానం ఒకప్పుడు గోదావరి మండలంలో అతిపెద్ద జమీందారీల్లో ఒకటి. భర్తృహరి సుభాషితాలను తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవి ఈ సంస్థానం నీడలో బతికినవాడు. 1802లో ఇంగ్లీషు కంపెనీ శాశ్వత శిస్తు పద్ధతి పెట్టి జమీందారు కట్టాల్సిన పేష్కషు ఖాయం చేసింది. పంట పోయినా అది కట్టి తీరాలి. కరువులతో, వారసత్వ తగాదాలతో బకాయిలు పెరిగి 19వ శతాబ్దంలో పెద్దాపురం జమీ కరిగిపోయింది. పక్కనున్న పిఠాపురం మాత్రం నిలదొక్కుకుంది. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి డెల్టా పచ్చబడ్డప్పుడు దిగువన రైత్వారీ పల్లెల్లో పట్టాదారు నేరుగా ప్రభుత్వానికే శిస్తు కట్టేవాడు. జమీ గ్రామాల్లో రైతు జమీందారు పెట్టిన ఠాణేదారు ముందు నిలబడేవాడు. పొలం ప్రశ్న ఈ రెండు రకాల పల్లెల్లో రెండు రకాలుగా పుట్టడానికి కారణం ఇదే.

సంస్థానం పోయినా దాని పేరు సత్రంలో మిగిలింది. మహారాణి వత్సవాయి బుచ్చి సీతాయమ్మ పెద్దాపురంలోనూ కత్తిపూడిలోనూ అన్నసత్రాలు పెట్టి, వాటికి ఆస్తి రాసిచ్చింది. బాటసారులకూ చదువుకునే పిల్లలకూ అక్కడ అన్నం దొరికేది. ఆర్థిక విషయాల్లో ఆనాటి ఆలోచన ఏమిటో ఈ సత్రం చెబుతుంది. ఆకలి తీర్చడం కలిగినవాడి ధర్మం. అడిగే హక్కు ఆకలిగొన్నవాడికి లేదు. ఆ కాలపు సత్రాల్లో పంక్తులు కులాన్ని బట్టి సాగడం మామూలు. పొలం ప్రశ్నకు దయ, ఇంటి ప్రశ్నకు ఆచారం అన్నవే అప్పటి జవాబులు. వాటి మీద మొదటి తిరుగుబాటు పొలం వైపు నుంచి రాలేదు.

రాజమండ్రికి చెందిన కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టాడు, ధవళేశ్వరంలో బాలికల బడి తెరిచాడు. 1881 డిసెంబర్ 11న మొదటి వితంతు వివాహం జరిపించాడు. వెలివేతలు, పురోహితుల నిరాకరణ, వీధిలో రాళ్ళు అన్నీ ఎదురయ్యాయి. ఆ పెళ్ళిళ్ళకు డబ్బిచ్చి నిలబెట్టినవాడు కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య. సంస్కరణకు మొదటి పెట్టుబడి వ్యాపారం నుంచి వచ్చింది. వీరేశలింగం ఇంటి ప్రశ్నలో తన కాలం కంటే ఎంతో ముందున్నవాడు. లంచగొండి ఉద్యోగులను పత్రికలో ఎండగట్టాడు కూడా. జమీ శిస్తు మీద, పాలేరు జీతం మీద అతని పోరాటం లేదు. ఇంగ్లీషు దొరతనం మీద అసలే లేదు. 1907లో బిపిన్ చంద్ర పాల్ రాజమండ్రి వచ్చి వెళ్ళాక వందేమాతరం అన్నందుకు కాలేజీ కుర్రవాళ్ళు చదువులు పోగొట్టుకున్నారు. ఆ తరం కళ్ళకు ముసలి సంస్కర్త వెనకబడ్డవాడిగా కనిపించాడు. ఆ కుర్రవాళ్ళ వైపు నిలిచిన పెద్దల్లో మాత్రం వితంతు వివాహాన్ని ఒప్పుకోనివాళ్ళు తక్కువేమీ కాదు.

పెద్దాపురానికి అతి దగ్గర ఉదాహరణ పిఠాపురం రాజా రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు. అతని గురువు బ్రహ్మసమాజికుడు రఘుపతి వెంకటరత్నం నాయుడు, కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు 1904 నుంచి ప్రిన్సిపాల్. ఆడపిల్లలకూ అంటరానివాళ్ళుగా చూడబడ్డ కులాల విద్యార్థులకూ ఆ కళాశాల తలుపులు తెరిచింది. రాజా కాకినాడలో అనాథ శరణాలయం కట్టించాడు, బ్రహ్మసమాజ మందిరానికి ధనమిచ్చాడు, సూర్యరాయాంధ్ర నిఘంటువును పోషించాడు. ఇంటి ప్రశ్నలో ఆనాటి కాంగ్రెసు నాయకులు చాలామంది అతని వెనకే ఉన్నారు. పొలం ప్రశ్నలో అతను జమీందారు. 1937 ఎన్నికల ముందు జస్టిస్ పార్టీకి దూరమై పీపుల్స్ పార్టీ పెట్టి కాంగ్రెసును ఎదిరించాడు. ఆ ఎన్నికల్లో మద్రాసు శాసనసభలో 215 స్థానాలకు 159 కాంగ్రెసువి. రాజా పార్టీ నిలబడలేకపోయింది. ఈయనను ఎడమ అనాలా, కుడి అనాలా? ఒక్క గీత మీద ఆయనకు చోటు దొరకదు.

జస్టిస్ పార్టీ మొత్తం కథ అలాంటిదే. 1916లో పుట్టి 1920లో మంత్రివర్గం ఏర్పరచింది. 1921లో మద్రాసు బ్రిటిషు ఇండియాలో అందరికంటే ముందు స్త్రీలకు ఓటిచ్చిన రాష్ట్రమైంది. దేవాలయాల ఆస్తులను చట్టం కిందికి తెచ్చింది, బ్రాహ్మణేతరులకు ఉద్యోగాల్లో వాటా తెచ్చింది. ఆ పార్టీని మోసింది మాత్రం జమీందారులు. రైతుల పక్షం మాట్లాడిన ముఖ్యమంత్రి మునుస్వామి నాయుడు 1932లో దిగిపోవాల్సి వచ్చింది. ఆ కుర్చీలో బొబ్బిలి రాజా కూర్చున్నాడు. ఆ రోజుల్లో పన్ను కట్టేవాళ్ళకే ఓటుండేదన్నది మరవకూడదు. పెద్దాపురం పురపాలక సంఘం 1915లో ఏర్పడినా అందులో ఊరి జనంలో ఎక్కువమందికి మాట లేదు.

కాంగ్రెసు ఈ సీమలో పాతుకుంది 1923 కాకినాడ సభలతో. మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షుడు. దుల్ల గ్రామం నుంచి వచ్చిన బులుసు సాంబమూర్తి జిల్లా నాయకుల్లో ముఖ్యుడు. తెల్లదొరలు పోవాలన్న మాట దగ్గర అందరూ ఒకటి. ఊళ్ళో దొరలెవరన్న ప్రశ్న అప్పటికి పక్కన ఉండిపోయింది. దాన్ని అడిగినవాడు రాజమండ్రి కవి కుసుమ ధర్మన్న. గరిమెళ్ళ సత్యనారాయణ మాకొద్దీ తెల్లదొరతనం పాట ఊరూరా మోగుతున్న 1920లలో అతను మాకొద్దీ నల్ల దొరతనమని రాశాడు. మాలపల్లికి తెల్లదొర దూరం, నల్లదొర దగ్గర. స్వరాజ్యం వస్తే తన వాళ్ళకు బావి నీళ్ళు వస్తాయా అన్నది అతని పోరు. జాతీయవాదానికీ సంస్కరణకూ మధ్య పగులు ఎక్కడుందో అంత సూటిగా చూపినవాళ్ళు ఆ తరంలో అరుదు.

ఇంటి ప్రశ్న మీద చట్టం వచ్చినప్పుడు గోదావరి జిల్లాల్లో ఏం జరిగిందో యానాం చెబుతుంది. శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి బాల్య వివాహాలను నిషేధించింది. కాకినాడకు అతి దగ్గరలో ఉన్న యానాం అప్పుడు ఫ్రెంచివారిది. ఆ చట్టం అక్కడ చెల్లదు. చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు పిల్లలను అక్కడికి తీసుకెళ్ళి పెళ్ళిళ్ళు చేశాయి. యానానికి కల్యాణపురం అన్న పేరు అలా వచ్చింది. ఎడమ, కుడి అన్న మాటలను లోకానికిచ్చిన రిపబ్లిక్ నేల మీద, ఎనిమిదేళ్ళ పిల్ల మెడలో తాళి కట్టడానికి అడ్డు లేకపోయింది.

పెద్దాపురం పేరుతో ముడిపడ్డ ఇంకో చరిత్రను దాటేయడం న్యాయం కాదు. జమీందారుల కొలువుల్లో, దేవాలయాల్లో ఆడి పాడిన కళావంతుల కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. వాళ్ళకు చదువు, సంగీతం, సాహిత్యం ఉండేవి. చాలామందికి ఈనాం భూములుండేవి. ఆస్తి ఆడవాళ్ళ పేర నడిచేది. పెళ్ళయిన కులస్త్రీకి లేని హక్కులివి. వీరేశలింగం, వెంకటరత్నం నాయుడు భోగం మేళాల మీద ఉద్యమం నడిపారు. ముత్తులక్ష్మి రెడ్డి కృషితో 1929లో ఈనాం భూములను దేవాలయ సేవ నుంచి విడదీసే చట్టం, 1947లో దేవదాసీ సమర్పణను నిషేధించే చట్టం వచ్చాయి. కళావంతుల్లోనే పుట్టిన యామినీ పూర్ణతిలకం ఆ మార్పు కోసం పనిచేసింది. చిన్న పిల్లలను ఆ బతుకులోకి నెట్టడం ఆగాలన్న ఆమె వాదన సరైనదే. కానీ జమీలు కూలిపోయి పోషకులు లేకుండాపోతున్న కాలంలో, చేతిలో ఉన్న కళ కూడా నేరంగా మారాక ఆ ఇళ్ళు ఏం తిని బతకాలన్న దానికి ఎవరి దగ్గరా పథకం లేదు. ఇంటి ప్రశ్నకు జవాబు చెప్పి పొలం ప్రశ్నను వదిలేస్తే ఏమవుతుందో ఈ వీధులు చూశాయి. ఆ ఆడవాళ్ళ పేదరికాన్నీ దానివల్ల వచ్చిన నిందనూ ఊరు మొత్తానికి పేరుగా తగిలించి దశాబ్దాల పాటు వెకిలి మాటలాడిన సమాజానిదే అసలు తప్పు.

పొలం ప్రశ్న ముందుకొచ్చింది 1930లలో. ఎన్.జి. రంగా జమీ రైతులను కూడగట్టాడు. 1934లో తెలుగు జిల్లాల్లో కమ్యూనిస్టు పార్టీ అంకురించింది. 1938లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతు రక్షణ యాత్ర నడిచింది. అదే ఏడు టంగుటూరి ప్రకాశం అధ్యక్షుడుగా ఉన్న విచారణ సంఘం భూమి రైతుదేననీ జమీందారు శిస్తు వసూలుదారు మాత్రమేననీ తేల్చింది. పదేళ్ళకు, 1948లో, జమీల రద్దు చట్టం వచ్చింది. పిఠాపురం జమీ పోయింది. భూమి మీద హక్కు దక్కింది పట్టా ఉన్న రైతుకు. అతని దగ్గర కౌలుకు చేసేవాడికీ, అతని కొట్టంలో పాలేరుకీ కాదు.

1952 ఎన్నికల్లో కాకినాడ లోక్‌సభ స్థానం గెలిచింది కమ్యూనిస్టు చెలికాని వెంకటరామారావు. శాసనసభకు ఆంధ్ర జిల్లాల నుంచి 41 మంది కమ్యూనిస్టులు వెళ్ళారు. కోస్తాలో ఆ పార్టీ రెండు ప్రశ్నలనూ ఒకేసారి పట్టుకుంది. కూలి పెంపుతో పాటు దండల పెళ్ళిళ్ళు, సహపంక్తి భోజనాలు, మహిళా సంఘాలు నడిపింది. రాజమండ్రిలో పుట్టిన గరికపాటి రాజారావు నడిపించిన ప్రజానాట్యమండలి ఊరూరా నాటకాలు, బుర్రకథలు పట్టుకెళ్ళింది. రెండు గీతల మీదా ఎడమ వైపునే నిలిచిన మొదటి పెద్ద పార్టీ ఇదే. దాని బలహీనత నాయకత్వంలో ఉంది. నాయకులు ఎక్కువగా భూమి ఉన్న కులాల నుంచి వచ్చినవాళ్ళు. జమీందారును ఎదిరించినంత ఉత్సాహం పాలేరుకు భూమి ఇప్పించే దగ్గరికి వచ్చేసరికి అన్ని ఊళ్ళలోనూ నిలవలేదు. 1955లో కాంగ్రెసు, రంగా కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ కలిసి పోటీ చేయగా, దాదాపు 31 శాతం ఓట్లు వచ్చినా కమ్యూనిస్టులకు 196లో 15 స్థానాలే దక్కాయి.

రంగా తర్వాతి దారి ఈ చర్చకు మంచి పాఠం. జమీందారు మీద రైతును లేపినవాడే, 1959లో కాంగ్రెసు సహకార సేద్యాన్ని తలకెత్తుకోగానే, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడయ్యాడు. మాట మార్చాడని అనడం తొందరపాటు. రైతు పొలం రైతుదేనన్నది అతని మొదటి మాట, చివరి మాట. ఎదురుగా జమీందారు ఉన్నప్పుడు ఆ మాట ఎడమన వినిపించింది. ఎదురుగా ప్రభుత్వం వచ్చినప్పుడు కుడిన వినిపించింది. రాజాజీ 1939లో దేవాలయ ప్రవేశ చట్టం తెచ్చిన మద్రాసు ప్రధాని. ఇంటి ప్రశ్నలో సంస్కర్త, పొలం ప్రశ్నలో ప్రభుత్వ జోక్యానికి శత్రువు.

1982 మార్చి 29న పుట్టిన తెలుగుదేశం ఈ రెండు గీతలను ఇంకోలా కలిపింది. కిలో రెండు రూపాయల బియ్యంతో సత్రం కాలపు దయ రేషను కార్డు మీద హక్కుగా మారింది. 1984లో మునసబు, కరణాల పదవులు రద్దయ్యాయి. ఊరి లెక్కలను వంశపారంపర్యంగా పట్టుకున్న ఇళ్ళ అధికారం పోయింది. తర్వాత 1986 చట్టం, 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించేలా, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఇచ్చింది. దేశమంతటా అలాంటి హక్కు 2005లో గానీ రాలేదు. తనను వామపక్షమని ఎన్నడూ చెప్పుకోని పార్టీ చేసిన పని ఇది. అదే పార్టీ 1995 తర్వాత చంద్రబాబు నాయకత్వంలో ప్రపంచ బ్యాంకు అప్పుతో విద్యుత్ సంస్కరణలకు వెళ్ళింది. పేరు, జెండా మారకుండా ఆర్థిక గీత మీద పార్టీ ఇంత దూరం జరిగింది.

కొత్త శతాబ్దంలో ఈ సీమలో కులం రెండు గీతలకూ అడ్డంగా నిలిచింది. 2008లో సామాజిక న్యాయం పేరుతో పుట్టిన ప్రజారాజ్యం పార్టీని 2009లో పెద్దాపురం గెలిపించింది. పంతం గాంధీమోహన్ శాసనసభ్యుడయ్యాడు. 2014, 2019, 2024లలో వరుసగా తెలుగుదేశం అభ్యర్థి నిమ్మకాయల చినరాజప్ప గెలిచాడు. 2016 జనవరి 31న కాపు రిజర్వేషన్ల ఉద్యమంలో తుని దగ్గర రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ తగలబడ్డప్పుడు రాష్ట్ర హోంమంత్రి ఆయనే. ఉద్యమ నాయకుడు ముద్రగడ పద్మనాభం ఊరు కిర్లంపూడి, పెద్దాపురానికి పొరుగు. ఇద్దరిదీ ఒకే కులం. రిజర్వేషన్ అడగడం గౌరవం కోసమా, ఉద్యోగం కోసమా అంటే రెండింటికోసమూ. దీన్ని సామాజికమని ఒక గీత మీదా, ఆర్థికమని ఇంకో గీత మీదా కోసి పెట్టడం కుదరదు. ఫ్రాన్సు, అమెరికాల కొలతలు ఇక్కడ ఆగిపోతాయి.

పొలం ప్రశ్నలో వెనకబడి ఉండిపోయినవాడు కౌలుదారు. 1956 కౌలు చట్టం, 2011లో గుర్తింపు కార్డుల చట్టం, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాయి. మూడు చట్టాలను మూడు వేర్వేరు కాలాల ప్రభుత్వాలు తెచ్చాయి. 2011లోనే కోనసీమ రైతులు గిట్టుబాటు లేదని సార్వా నాట్లు మానేసి పంట విరామం ప్రకటించారు. ఆ నిర్ణయంలో కౌలుదారు మాటకూ కూలి మాటకూ విలువ తక్కువ. సాగు చేసేది ఎక్కువచోట్ల వాళ్ళే అయినా పంట రుణం, నష్టపరిహారం పట్టాదారు పేరు చుట్టూ తిరుగుతాయి.

ఈ రోజు పెద్దాపురం రెవెన్యూ డివిజన్‌లో తండ్రి పొలంలో వాటా పంచుకున్న కూతురి పేరు భూ హక్కుల వన్-బీ రికార్డులోకి ఎక్కుతుంది. ఆ పొలాన్ని ఇరవై ఏళ్ళుగా దున్నుతున్న కౌలు రైతు పేరుకు ఆ రికార్డులో గడి లేదు.